పాడుబడ్డ గులాబీ తోటను మళ్ళీ పూయించడం ఎలా: మొదటి రోజు నుంచి రెండో ఏడు దాకా

కొన్నేళ్ళుగా పట్టించుకోని గులాబీ తోటను ఏం చేయాలి, పీకేసి కొత్తవి పెట్టాలా, ఉన్నవాటినే బాగుచేయాలా అని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళు అప్పటికే ఒక ఎరువు బస్తా కొని సిద్ధంగా పెట్టుకుని ఉంటారు. ఆ బస్తాను ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి, దాని పని దాదాపు ఆఖర్లో.

గులాబీ పైకి కనిపించినంత సుకుమారం కాదు. నీళ్ళు, ఎరువు చూడకుండా కొన్నేళ్ళు వదిలేసినా మొదలు దగ్గర కాస్త ప్రాణం దాచుకుని ఉంటుంది. వదిలేసినందుకు చచ్చిన మొక్కల కన్నా, ఆ తర్వాత ఒక్కసారిగా పుట్టుకొచ్చిన శ్రద్ధకు తట్టుకోలేక చచ్చినవే ఎక్కువని నా అభిప్రాయం. ఒకే రోజు మొదలంటా నరికి, చుట్టూ లోతుగా తవ్వి, గుప్పెళ్ళకొద్దీ ఎరువు వేస్తే ఏ మొక్కైనా ఏం చేస్తుంది? అందుకే ఇక్కడ పనుల కన్నా పనుల వరస ముఖ్యం. ముందు చూడటం, తర్వాత కలుపు, నీళ్ళు, ఆ తర్వాతే కత్తెర, చివర్న ఎరువు.

1. కత్తెర పట్టకముందు తోటంతా తిరగండి

మొదటి రోజు ఏమీ కోయకండి. ఒక్కో మొక్క దగ్గర ఆగి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత ఏ మొక్క కోలుకుంది, ఏది అక్కడే ఉండిపోయింది అని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

కొమ్మ బతికుందో లేదో తెలియాలంటే బెరడును గోటితో కొంచెం గీకండి. కింద తడిగా, ఆకుపచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం ఎండిపోయింది. అయితే చివర ఎండిందని కొమ్మంతా పోయిందనుకోకండి, అరడుగు కిందకి జరిగి మళ్ళీ గీకండి, ఇంకో అరడుగు కిందకి జరగండి. చాలా కొమ్మల్లో పై సగం ఎండి, కింది సగం పచ్చిగా ఉంటుంది. మొదలు దాకా ఎక్కడా పచ్చదనం లేకపోయినా ఆ మొక్కను ఇప్పుడే పీకొద్దు. నీళ్ళు పెట్టడం మొదలయ్యాక నేలలోంచి చిగురు రావచ్చు.

తిరుగుతూ ఇవి రాసుకోండి:

- రోజుకు కనీసం 6 గంటల ఎండ పడుతోందా? నాటిన కొత్తలో పడి ఉండొచ్చు, మధ్యలో పక్క చెట్లు పెరిగి కమ్మేసి ఉండొచ్చు.
- మొదట్లో ముడిలా లావుగా ఉన్న భాగం కనిపిస్తోందా? అది అంటు కట్టిన చోటు. మట్టిలో కూరుకుపోయి ఉంటే వేళ్ళతో మట్టి తీసి చూడండి.
- అది పొద గులాబీయా, తీగ గులాబీయా? ఏడాదంతా విడతలుగా పూసేదా, ఒక్క సీజనే పూసేదా? ఎవరికీ తెలియకపోతే "తెలియదు" అనే రాసుకోండి, దీని సంగతి కత్తిరింపు దగ్గర చెబుతాను.
- వాన నీళ్ళు నిలిచే చోటు ఏదైనా ఉందా? అనుమానం ఉంటే అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు మర్నాటికి కూడా అలాగే ఉంటే అక్కడ గులాబీ బాగుపడదు, ముందు నీళ్ళు పోయే దారి చూడాలి.

మొదట్లో, అంటు దగ్గర గరుకు బుడిపెలు కనిపిస్తే అది కాండం బుడిపె తెగులు అయ్యుండొచ్చు. బాక్టీరియా వల్ల వస్తుంది, మందుతో పోదు. బుడిపెలున్నా కొన్ని మొక్కలు ఏళ్ళ తరబడి బతుకుతాయి కానీ నీరసంగా ఉన్నదాన్ని వేళ్ళతో సహా తీసేయడమే మంచిది.

నచ్చిన రకమై, పేరు తెలియక, మొక్క మరీ నీరసంగా ఉంటే పెన్సిల్ మందం కొమ్మలు 6 నుంచి 8 అంగుళాలవి నాలుగైదు తర్వాత కోసి విడిగా నాటి ఉంచుకోండి. తల్లి మొక్క పోయినా రకం పోదు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

చూడటం, కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. పెద్ద కత్తిరింపుకి మాత్రం కాలం చూసుకోవాలి.

గడ్డకట్టే చలి ఉండే చోట శీతాకాలం చివర్లో, కణుపుల దగ్గర కళ్ళు (చిగురు మొలిచే మొగ్గలు) ఉబ్బడం మొదలైనప్పుడు కత్తిరించాలి. అంత చలి పడని వేడి ప్రాంతాల్లో వానలు తగ్గి వాతావరణం చల్లబడుతున్నప్పుడు మంచి అదను. మండుటెండల్లో, ముసురు పట్టినప్పుడు పెద్ద కోతలు వద్దు. ఎండిన కొమ్మలు తీయడానికి మాత్రం ముహూర్తం అక్కర్లేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పదునైన చేతి కత్తెర. రెండు అంచులూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది కావాలి, కొమ్మను నొక్కి నలిపేది వద్దు.
- లావు కొమ్మలకు పొడుగు పిడుల కత్తెర, ముసలి మొదళ్ళకు చిన్న రంపం. బొటనవేలి కన్నా లావున్న కొమ్మ మీద చేతి కత్తెరతో కుస్తీ పడితే కొమ్మ చీలుతుంది, కత్తెర పాడవుతుంది.
- మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, కళ్ళజోడు.
- 70 శాతం ఆల్కహాల్, ఒక గుడ్డ. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళేముందు కత్తెర తుడవడానికి.
- గుచ్చి కలుపు పెకలించే ముళ్ళపార, గోనెసంచులు, రంగు దారం.

గ్లవ్స్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. గులాబీ ముళ్ళు గుచ్చుకుంటే ధనుర్వాతం భయం ఉంది, ఒక రకం ఫంగస్ చర్మంలోకి దిగి వారాల తరబడి మానని కురుపులు కూడా రావచ్చు. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని దిగండి.

4. కలుపు: తొందరపడితే వేళ్ళు తెగుతాయి

మొక్క చుట్టూ ఒకటిన్నర అడుగు మేర కలుపును చేత్తోనే తీయాలి. గులాబీకి నీళ్ళు తాగే సన్నని వేళ్ళు చాలావరకు పైపొరలోనే ఉంటాయి, అక్కడ పారతో తవ్వితే మిగిలిన కాస్త బలం కూడా పోతుంది. ముందురోజు తడిపి, మర్నాడు పీకితే కలుపు వేళ్ళతో సహా వస్తుంది.

తుంగ, గరిక ఉంటే ఓపిక కావాలి. తుంగను పైన లాగితే ఆకు చేతిలోకి వస్తుంది, గడ్డ కిందే ఉండి మళ్ళీ మొలుస్తుంది. ముళ్ళపారతో మట్టి వదులు చేసి గడ్డ ఏరాలి. గరిక తీగలు గులాబీ మొదట్లోంచి దూరి ఉంటే ఒకేసారి అంతా లాగొద్దు, వచ్చినంత తీసి మళ్ళీ పది రోజులకి రండి. మొక్కల మధ్య ఖాళీ నేల మీద తడిపిన అట్టముక్కలు పరిచి, పైన ఎండాకులు కప్పితే చాలా రకాల కలుపు వెలుతురు లేక చస్తుంది. తుంగ మాత్రం అట్టను కూడా పొడుచుకుని వస్తుంది.

కలుపు మందు కొట్టాలనిపించడం సహజం. గులాబీల మధ్య నేనైతే కొట్టను. గ్లైఫోసేట్ తుంపర పచ్చి కొమ్మ మీద పడినా మొక్క పీల్చుకుంటుంది, కొన్ని నెలలు గడిచాక కూడా చిగుళ్ళు సన్నగా, మెలితిరిగి వస్తాయి.

5. కత్తిరింపుకు రెండు మూడు వారాల ముందు నుంచి నీళ్ళు

ఏళ్ళ తరబడి ఎండిన నేల నీళ్ళను వెంటనే పీల్చుకోదు. బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే పక్కకి పారిపోతాయి, పైన తడి కనిపిస్తుంది, రెండు అంగుళాల కింద పొడిగానే ఉంటుంది. మొదలుకి కాస్త ఎడంగా, రెండడుగుల వెడల్పున పాదు చేసి, అందులో కొంచెం పోసి ఇంకనిచ్చి, మళ్ళీ పోయండి. మూడు విడతల్లో పోస్తే అడుగు లోతుకు దిగుతుంది.

దిగిందో లేదో చూడటానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ చాలు. తడిసిన మట్టిలో సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. రోజూ పైపైన చిలకరించే బదులు వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపండి, ఇసుక నేలలో ఇంకాస్త తరచుగా. పొద్దున్నే పోయండి, ఆకుల మీద కాకుండా మొదట్లో. ఎందుకో తెగుళ్ళ దగ్గర చెబుతాను.

6. కత్తిరింపు

చాలామందికి టెన్షన్ ఇక్కడే. వరస తప్పకపోతే భయపడాల్సింది లేదు.

*6.1 ముందు ఎండినవి.* ఎండిన, కుళ్ళిన, విరిగిన కొమ్మలన్నీ తీసేయండి. కోసిన చోట మధ్యలో ఉండే బెండు వైపు చూడండి. తెల్లగానో లేత పచ్చగానో ఉంటే ఆపొచ్చు. గోధుమరంగు ఉంటే ఇంకో రెండు అంగుళాలు కిందకి కోయండి, అలా తెల్లటి బెండు వచ్చేదాకా దిగండి. పైనుంచి కిందకి నల్లబడుతూ వచ్చే ఎండు తెగులు ఇలా చేస్తేనే ఆగుతుంది, గోధుమరంగు మిగిల్చితే మళ్ళీ దిగుతూ వస్తుంది. చాలా పొదలు ఈ ఒక్క పనితోనే సగానికి తగ్గిపోతాయి.

*6.2 తర్వాత పిలకలు.* అంటు మొక్కల్లో కింద వేరు ఒక రకానిది, పైన పూసేది ఇంకో రకం. పట్టించుకోకపోతే కింది రకం పిలకలు వేసి పైదాన్ని మింగేస్తుంది. "మా గులాబీ రంగు మారిపోయింది, ఇదివరకు పెద్ద పూలు, ఇప్పుడు చిన్న చిన్న పూలు గుత్తులుగా" అంటుంటారే, రంగు మారలేదు, అసలు మొక్క పోయి వేరు మొక్క మిగిలింది.

పిలకను ఆకుల లెక్కతో గుర్తుపట్టమని చెబుతారు, ఒక్కో ఆకు కాడకు ఏడు చిన్నాకులుంటే పిలక అని. నమ్మొద్దు, మంచి గులాబీల్లో కూడా ఏడు ఆకులు ఉండేవి ఉన్నాయి. అది ఎక్కడి నుంచి వస్తోందో మట్టి తీసి చూడటమే దారి. అంటు ముడికి పైనుంచి వస్తే అది కొత్త కొమ్మ, బంగారం, ముట్టుకోకండి. కిందనుంచి, వేరు మీదనుంచి వస్తే పిలక. దాన్ని కత్తెరతో కోస్తే మొదట్లో కళ్ళు మిగిలి నాలుగు వస్తాయి కాబట్టి, పట్టుకుని కిందకి గుంజి ఊడబెరకాలి. మరీ లావైపోతే పదునైన కత్తితో వేరుకి ఆనించి చెక్కేయండి.

కొమ్మ నాటి పెంచిన మొక్కకి అంటు ఉండదు, కాబట్టి ఈ బాధ లేదు. నేలలోంచి ఏది వచ్చినా అదే గులాబీ.

*6.3 ఒకదాన్నొకటి రాసుకునేవి.* పొద మధ్యలోకి పెరిగినవి, రాసుకుని బెరడు లేచినవి, పెన్సిల్ కన్నా బాగా సన్నగా ఉన్నవి తీసేయండి. మధ్యలో ఖాళీ ఉండి గాలి ఆడాలి.

*6.4 ముసలి కొమ్మలు, మూడేళ్ళ లెక్కన.* బెరడు పగిలి, బూడిదరంగుకి తిరిగిన లావు కొమ్మలను ఒకేసారి తీసేయకండి. ఈ ఏడు మూడో వంతు, వచ్చే ఏడు మూడో వంతు, ఆ పై ఏడు మిగిలినవి. ముందు మరీ ముసలివాటిని, రంపంతో మొదలంటా కోయండి. దాచుకున్న ఆహారమంతా ఆ కొమ్మల్లోనే, వేళ్ళలోనే ఉంది, అన్నీ నరికేస్తే కొత్త చిగురు వేయడానికి మిగిలేదేమీ ఉండదు.

అంటు ముడి చుట్టూ మట్టి కాస్త తీసి, పైన పేరుకున్న పొక్కు బెరడును గట్టి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. అక్కడి నుంచి కొత్త కొమ్మలు రావడానికి వీలవుతుంది. అవి ఎర్రగా, మెత్తగా వస్తాయి, చెయ్యి తగిలితే విరిగిపోతాయి.

*6.5 మిగిలిన కొమ్మల ఎత్తు.* బలంగా ఉన్న పొదను సగం ఎత్తుకు తగ్గించొచ్చు. నీరసంగా ఉన్నదాన్ని పైపైన మాత్రమే. మామూలు తోటలో నీరసమైన కొమ్మను బాగా తగ్గిస్తే గట్టిగా వస్తుందంటారు, అది వేళ్ళు బలంగా ఉన్న మొక్కకు. బయటివైపు చూసే కంటికి పావు అంగుళం పైన కోయండి. కాస్త ఏటవాలుగా కోస్తే మంచిదే, కానీ సరిగ్గా ఎంత కోణం అని కొలతలు వేస్తూ కూర్చోకండి, శుభ్రంగా చీలకుండా తెగితే చాలు.

*6.6 తీగ గులాబీలు, ఒక్క సీజనే పూసేవి.* పైన "తెలియదు" అని రాసుకున్నవాటికి ఈ ఏడు ఎండినవి తప్ప ఏమీ కోయకండి. ఏడాదికోసారి పూసే రకాలు చాలావరకు పోయినేటి కొమ్మ మీదే పూస్తాయి, పూతకు ముందు కోస్తే ఆ ఏడు పూలు లేనట్టే. పూత అయ్యాక కత్తిరించండి.

తీగ గులాబీకి పొడుగు కొమ్మలే ఆస్తి. బలమైనవి ఐదారు ఉంచి, వీలైనంత అడ్డంగా వంచి కట్టండి. నిలువుగా ఉంటే కొసన మాత్రమే పూస్తుంది, అడ్డంగా వంచితే ప్రతి కణుపూ చిగురేస్తుంది. పక్క రెమ్మలను రెండు మూడు కళ్ళకు తగ్గించండి. ముసలి కొమ్మ వంగదు, బలవంతం చేస్తే ఫట్‌మంటుంది, దాన్ని వదిలేసి కొత్త కొమ్మను వంచండి.

7. అదే రోజు శుభ్రం

- రాలిన ఆకులు, కోసిన కొమ్మలు అన్నీ ఏరండి. తెగులు ఆకులు కంపోస్టులో వేయొద్దు.
- కొమ్మల మీద తెల్లటి పొలుసు పురుగులు అంటుకుని ఉంటే పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్ళతో రుద్దండి.
- బాగా మాగిన కంపోస్టు అంగుళం మందాన పరచి, మట్టిలో కలపకుండా పైనే వదిలేయండి.
- దాని మీద ఎండాకులో చెక్క పొట్టో 2 నుంచి 3 అంగుళాలు కప్పండి. మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి, కాండానికి తడి ఆనితే కుళ్ళుతుంది.

8. ఎరువు ఇప్పుడు కూడా కాదు, చిగురు వచ్చాక

జ్వరం నుంచి లేచినవాడికి విందు భోజనం పెట్టినట్టు, వేళ్ళు కోలుకోకముందే రసాయన ఎరువు వేస్తే ఆకుల అంచులు మాడతాయి. కొత్త రెమ్మలు 4 నుంచి 6 అంగుళాలు వచ్చేదాకా ఆగండి. అప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ ఉన్న ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో సగం, తడి నేల మీద వేసి మళ్ళీ నీళ్ళు పోయండి. నాలుగైదు వారాలకు మళ్ళీ చూడండి. చలి ప్రాంతాల్లో మొదటి మంచుకు 6 నుంచి 8 వారాల ముందే ఎరువు ఆపేయాలి.

లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, కానీ చాలాసార్లు నేలలో ఇనుము ఉండే ఉంటుంది, క్షారం ఎక్కువై మొక్కకు అందదు. గులాబీకి ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.5 మధ్య బాగుంటుంది. మట్టి పరీక్ష చేయించి దిద్దండి. ఎప్సమ్ సాల్ట్ అన్నింటికీ మందని ప్రచారం ఉంది, మెగ్నీషియం లోపం ఉంటే తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

9. తెగుళ్ళు, పురుగులు

నల్లమచ్చ తెగులులో అంచులు చెదిరిన నల్ల మచ్చలు వస్తాయి, చుట్టూ ఆకు పసుపై కింది ఆకుల నుంచి రాలుతూ వస్తుంది. ఈ ఫంగస్ బీజం మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు 7 గంటలు ఆగకుండా తడిగా ఉండాలి. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా ఆ తడి మీరే ఇచ్చినట్టు. పొద్దున మొదట్లో పోయమన్నది ఇందుకే.

బూడిద తెగులుకు ఆకు తడి అక్కర్లేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమగా ఉంటే వస్తుంది. గాలి ఆడేలా కత్తిరించడం, నత్రజని తగ్గించడం ముఖ్యం. గంధకం మందు పనిచేస్తుంది కానీ 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది, వేపనూనె కొట్టి రెండు వారాలు కాకుండా కూడా కొట్టకూడదు. ఏ ఫంగస్ మందైనా కొత్త ఆకులను కాపాడుతుందే తప్ప వచ్చిన మచ్చలను చెరపదు. అవి పోలేదని డోసు పెంచకండి.

పేనుబంకకు గట్టి నీటి ధార చాలు. ఆకు దుమ్ము పట్టినట్టు, సన్నటి చుక్కలతో పాలిపోతే ఎర్రనల్లి అనుమానించండి. తెల్ల కాగితం ఆకు కింద పెట్టి తట్టండి, రాలిన నలకలు ఒక క్షణం ఆగి నడవడం మొదలుపెడితే అవే. ఆకుల అడుగు భాగం నీళ్ళతో కడగండి, ఈ ఒక్కదానికి ఆకులు తడపొచ్చు, పొద్దున్నే అయితే. దొరికిన పురుగుమందు కొడితే నల్లిని తినే పురుగులు ముందు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

- మొత్తం మొదలంటా నరికేశారు. కంగారు పడి ఎరువు వేయకండి. మట్టి తడిగా ఉంచి, పైన కప్పి, ఆరేడు వారాలు ఆగండి. అంటు పైనుంచి వచ్చే ప్రతి చిగురునూ ఉంచండి.
- ఎరువు ఎక్కువైంది. పైన కనిపిస్తున్నది గీరి తీసేసి, నీళ్ళు బాగా పెట్టి ఇంకనివ్వండి, మర్నాడు ఇంకోసారి. ఆ సీజన్‌కు ఇక ఎరువు వద్దు.
- చిగురు వచ్చి నల్లబడి వాలిపోయింది. దాని కింద కొమ్మను కోసి బెండు చూడండి. గోధుమరంగుంటే ఎండు తెగులు ఇంకా ఉంది, తెల్ల బెండు దాకా కోయండి.
- పొడుగ్గా పెరుగుతోంది, మొగ్గ లేదు. ఎండ చాలకపోవచ్చు, నత్రజని ఎక్కువ కావచ్చు, ఏడాదికోసారి పూసే రకం కావచ్చు, లేదా అది పిలకే కావచ్చు. చివరిది ముందు చూడండి.
- వాడిన పూలను పొడుగు కాడతో కోస్తున్నారు. మొదటి ఏడు పువ్వు వరకే తుంచండి, ప్రతి ఆకూ అవసరమే. మరీ నీరసంగా ఉన్నవాటికి మొదటి విడత మొగ్గలు కూడా గిల్లేయండి. చేతులు రావని తెలుసు, అయినా గిల్లండి.

వెచ్చటి వాతావరణంలో కత్తిరించిన 6 నుంచి 8 వారాలకు మొదటి పూలు వస్తాయి. చిన్నవిగా, కొన్ని వంకరగా ఉంటాయి. రెండో విడత చూసి అప్పుడు మొక్కను అంచనా వేయండి.

11. రెండో ఏడు, బతకని మొక్కలు

రెండో ఏడు ఇదే వరస, పని మాత్రం తక్కువ. ముసలి కొమ్మల్లో ఇంకో మూడో వంతు తీయండి, ఎరువు పూర్తి మోతాదుకు తీసుకురండి, పూలను కింద ఐదు చిన్నాకులున్న ఆకు దాకా కోయడం మొదలుపెట్టొచ్చు. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూడండి. నీళ్ళు, ఎండ అన్నీ అంది కూడా ఏడాదిలో ఒక్క మంచి కొమ్మ వేయని మొక్కను తీసేయండి.

తీసేసిన గుంటలోనే కొత్త గులాబీ పెడితే చాలాసార్లు ఎదగదు, గులాబీ ఏళ్ళ తరబడి ఉన్న మట్టిలో కొత్త గులాబీ వేళ్ళు సరిగా సాగవు. వేరే చోటు ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే ఒకటిన్నర నుంచి రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు మట్టి తీసి, గులాబీ లేని చోటి మట్టి, కంపోస్టు కలిపి నింపి నాటండి. తీసిన పాత మట్టిని వేరే పూలమొక్కలకు వాడుకోవచ్చు, బుడిపె తెగులున్న గుంట మట్టిని తప్ప.